జీతం అన్న మాట ఎన్నో పాఠంలో వస్తుంది?

మంగళవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళ మా వీధి చివరింటి అమ్మాయి చేతిలో ఫోనుతో వచ్చి మా అరుగు దగ్గర నిలబడింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. ఏడో తరగతి వరకూ నా దగ్గరే తెలుగు చదివింది. తర్వాత బడి మానేసి అరటి తోటల్లో పనికి వెళ్లింది. పెళ్లయింది. వచ్చే నెలలో కువైట్ వెళ్తోంది, ఇంటి పనికి. కాగితం మీద అది 20 నంబరు వీసా. మా రావులపాలెంలో అయితే ఖద్దామా వీసా అంటేనే ఎవరికైనా అర్థమయ్యేది. మెడికల్ అయిపోయింది, టికెట్టు రావాలి.

"మాస్టారండీ, ఇది నా మాట తీసుకోటం లేదండీ. ఎన్నిసార్లు చెప్పినా ఎర్రగా అయిపోతంది. నా గొంతులో ఏవన్నా లోపం ఉందంటారా?"

ఇంటర్ చదివే కొడుకు అమ్మకి సాయం చేద్దామని అరబిక్ నేర్పే యాప్ ఒకటి ఫోన్లో వేసిపెట్టాడు. పేరు ఎందుకు, ఇలాంటివి డజన్లున్నాయి. అందులో ఒక మాట వినిపిస్తుంది, దాన్ని తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్తే పచ్చన, లేకపోతే ఎరుపు. గొంతు లోపలి నుంచి రావలసిన 'ఖ' ఆమెకి 'క'గానే వస్తోంది. పదకొండు రోజులు కూర్చుంది. పిల్లలకి అన్నాలు పెట్టి, గిన్నెలు తోముకుని, రాత్రి పదింటికి గోడకి చేరగిలబడి. పదకొండు రోజులకీ ఆమెకి మిగిలింది ఆ ఒక్క అనుమానం.

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు భాష చెప్పినవాణ్ణి. నేర్చుకునే మనిషి తన గొంతునే అనుమానించేలా చేసిన పాఠం, ఎంత రంగులు పూసుకున్నా, నా లెక్కలో పాఠం కాదు.

ఫోను తీసుకుని నేనూ చూశాను. అరబిక్ మాట పక్కన అర్థం ఇంగ్లిష్‌లో ఉంది. సూచనలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఈమెకి ఇంగ్లిష్ అక్షరాలు తెలుసు, బస్సు బోర్డు చదవగలదు, అంతకు మించి రాదు. అంటే అరబిక్ ఒడ్డుకి చేరాలంటే ముందు ఇంగ్లిష్ రేవు దాటాలి. ఆ రేవులో ఈమెకి పడవ లేదు. కొడుకు పక్కన కూర్చుని ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి తిప్పి చెప్తేనే పాఠం ముందుకి కదిలేది. కొడుక్కి పరీక్షలు.

అలాగని ఈ సాఫ్ట్‌వేర్లన్నిటినీ గోదాట్లో పారేయమని నేను అనను. జర్మనీ వెళ్దామని నర్సింగ్ చదివిన పిల్లలు, జపాన్ మీద ఆశ పెట్టుకున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లు వీటితో మొదటి మెట్లు ఎక్కుతున్నారు. ఇంగ్లిష్ తెలిసినవాళ్లకి, తీరిక ఉన్నవాళ్లకి, వెనక తరగతి గది కూడా ఉన్నవాళ్లకి ఇవి పనికొస్తాయి. నా బాధ మిగిలినవాళ్ల గురించి.

ఆ మిగిలినవాళ్లు ఎంతమంది? కువైట్‌లో మన దేశస్థులు సుమారు పది లక్షలు. ఆ దేశ జనాభాలో ప్రతి అయిదుగురిలో ఒకరు, పనిచేసే చేతుల్లో మూడో వంతుకి దగ్గర. వాళ్లలో గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో కొత్తపేట, అమలాపురం, రాజోలు బస్సుల్లో అరగంట తిరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెంకుటిల్లు స్లాబు అయిందంటే, ఆడపిల్ల పెళ్లి అప్పు లేకుండా జరిగిందంటే, ఎక్కడో ఒక అరబ్బు వంటింట్లో ఒక మనిషి కాళ్లు వాచిపోయేలా నిలబడి ఉందన్నమాట.

ఇప్పుడు ఇంకో లెక్క. డ్యుయోలింగో అనే అమెరికా సంస్థ 2025 ఏప్రిల్ 30న ఒక్కసారిగా 148 కొత్త కోర్సులు ప్రకటించింది. మొదటి వంద కోర్సులు తయారు కావడానికి పన్నెండేళ్లు పట్టిందనీ, ఇవి ఏఐ సాయంతో ఏడాదిలో అయిపోయాయనీ వాళ్లే చెప్పుకున్నారు. ఆ జాబితాలో మన తెలుగు కూడా ఉంది. తెలుగు తెలిసినవాళ్లు ఇప్పుడు జపనీస్, కొరియన్, మాండరిన్ నేర్చుకోవచ్చు. చదివి సంతోషించాను. 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల పైచిలుకు మంది మాతృభాషగా రాయించుకున్న భాషకి ఆలస్యంగానైనా ఒక పీట వేశారు. తర్వాత ఆ రోజు విస్తరించిన ఏడు భాషల పేర్లూ చూశాను. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, జపనీస్, కొరియన్, మాండరిన్. అరబిక్ లేదు. మా తాలూకాలో ఇటాలియన్ అవసరం పడ్డ మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. అరబిక్ అవసరం లేని వీధి కూడా తగల్లేదు. వాళ్లది వ్యాపారం, ఏది అడిగితే అది అమ్ముతారు. అడగవలసినవాళ్లం మనం అడిగామా?

సరే, అరబిక్ వచ్చిందే అనుకుందాం. ఏ అరబిక్?

ఇక్కడ నా పాత గాయం రేగుతుంది. ఈ శీర్షిక చదివేవాళ్లకి తెలుసు, గిడుగు రామమూర్తి పంతులు పేరెత్తకుండా నాకు నెల గడవదు. ఈ వారం ఆయన్ని పిలిచే పని నిజంగానే పడింది.

బుధవారం ఆ అమ్మాయి తన తోటికోడల్ని వెంటబెట్టుకొచ్చింది. పెద్దావిడ, తొమ్మిదేళ్లు కువైట్‌లో చేసి వచ్చింది. యాప్‌లో అన్నాన్ని ఏమంటారో చూపించాను. 'అరుజ్' అని పలికింది ఫోను. ఆవిడ ఫోను వంకా నా వంకా చూసింది.

"అలాగెవరంటారండీ? అన్నాన్ని ఏష్ అంటారండి. ఏష్ పెట్టమంటారు, ఏష్ కడగమంటారు. నేను తొమ్మిదేళ్లూ ఇదే విన్నాను."

ఆవిడ చెప్పిందే నిజం. కువైటీలకి ఏష్ అంటే బియ్యం, అన్నం. అదే మాట ఈజిప్టు మనిషి నోట రొట్టె అవుతుంది. యాప్ చెప్పింది పుస్తకాల్లో, పత్రికల్లో, టీవీ వార్తల్లో ఉండే ప్రామాణిక అరబిక్, వాళ్లు ఫుస్‌హా అంటారు. కోడిని పుస్తకం దజాజ్ అంటే కువైట్ వంటిల్లు దియాయ్ అంటుంది. "నాకు కావాలి" అనడానికి పుస్తకంలో ఉరీదు, ఇంట్లో అబీ. "ఎలా ఉన్నావ్" అని మగవాణ్ణి అడిగితే శ్లోనక్, ఆడమనిషిని అడిగితే శ్లోనిచ్. కాఫీ అక్కడ గహ్వా. ఆ పెద్దావిడ ఇవన్నీ తడుముకోకుండా చెప్తుంటే నేను కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను, ఎదురుగా ఏడో తరగతి పిల్లాడిలా.

గ్రాంథికం, వ్యావహారికం! నూరేళ్ల కిందట మన గడ్డ మీద జరిగిన పోరాటమే ఇది. వాడుకలో లేని భాషని పిల్లల నెత్తిన రుద్దొద్దని, నోట ఉన్న భాషలో చదువు చెప్పమని గిడుగు 1910ల నుంచీ ఊరూరా తిరిగి వాదించాడు. పండితులు ఈసడించినా ఆగలేదు. ఆయన ఆగస్టు 29న పుట్టాడని ఏటా ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం చేసి, పూలదండలేసి, గ్రాంథికంలో ఉపన్యాసాలిచ్చి ఇళ్లకి పోతున్నాం. కానీ నాకు గిడుగులో వాదించిన మనిషి కంటే నేర్చుకున్న మనిషి మీద మక్కువ ఎక్కువ. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకోవాలనుకున్నాడు. లిపి లేదు. వ్యాకరణం లేదు. నిఘంటువు లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచి మాట మాటా విని నేర్చుకున్నాడు. నేర్చుకున్నది దాచుకోలేదు, సవర పిల్లలకి వాచకాలు రాశాడు, బడి పెట్టాడు. ఆ శ్రమంతా 1931లో సవర భాషా వ్యాకరణంగా అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి మన రాజమహేంద్రవరం వచ్చేశాడు. ఆయన నడిచిన వీధుల్లో నడుస్తూ, పరాయి భాష ఎలా నేర్చుకోవాలో మనకి తెలియదని ఎలా అంటాం?

బ్రౌన్ దొర సంగతీ అంతే. 1817లో మద్రాసులో దిగిన కుర్రాడికి తెలుగు ముక్క రాదు. ఆ మనిషే తర్వాత రాజమండ్రిలో జడ్జీగా కూర్చున్నాడు, పండితుల్ని తన జీతం డబ్బుతో పోషించాడు. కావ్యాలు పరిష్కరించిన ఆ చేత్తోనే కచేరీల్లో, లావాదేవీల్లో జనం వాడే మాటల కోసం విడిగా జిల్లా నిఘంటువని ఒకటి కూర్చి 1852లో అచ్చువేయించాడు. కావ్యభాష వస్తే కచేరీ భాష దానంతటదే రాదని ఆయనకి అనుభవం. ఏ పనికి వెళ్తున్నావో ఆ పనిలో నలిగే మాటలు ముందు కావాలి.

అంత దూరం ఎందుకు, మా అరటి యార్డుకి రండి. కర్పూర గెలలు, చక్కెరకేళి గెలలు సైకిళ్ల మీద వేలాడుతూ వస్తాయి, లారీలకెక్కి ఇతర రాష్ట్రాలకి పోతాయి. గెలలు మోసే కూలీ బడి మొహం చూసి ఉండకపోవచ్చు. లారీ డ్రైవరుతో హిందీలో, కొనుగోలుదారుడితో ఒడియాలో బేరం నడిపించేస్తాడు. అతనికెవరూ పచ్చరంగు, ఎర్రరంగు చూపించలేదు. తప్పు మాట్లాడితే ఎదుటి మనిషి నవ్వాడు, సరైన మాట చెప్పాడు, పని జరిగింది.

గల్ఫ్‌లో మనవాళ్లు నేర్చుకున్నదీ అలాగే. నేర్చుకున్న భాషని మోసుకొచ్చి తెలుగులో కలిపేశారు కూడా. అకామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీ ఉండే యజమాని), ఖద్దామా, మాఫీ (లేదు), ఖలాస్ (అయిపోయింది). 'పోనీలే, వదిలెయ్' అనే అర్థంలో అరబ్బులు ఖల్లీ వల్లీ అంటారు. మన కూలీల నోట అది కల్లివెల్లి అయి, యజమానిని వదిలేసి కాగితాల్లేకుండా బతుకుతున్న మనిషికి పేరైంది. ఎంత కష్టం ఉంది ఆ ఒక్క మాటలో! ఏ నిఘంటువైనా ఎక్కించుకుందా దాన్ని?

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. తోటికోడలు చెప్పిన మాటలన్నీ కాగితం మీద రాశాక మళ్లీ చదువుకున్నాను. తఆలీ, రా. రూహీ, వెళ్లు. జీబీ, తీసుకురా. నజ్జిఫీ, శుభ్రం చెయ్. అన్నీ ఆడమనిషికి చెప్పే ఆజ్ఞలే. తొమ్మిదేళ్లలో ఆవిడ చెవిన ఎక్కువసార్లు పడ్డవి అవే. ఆ మాటలు నేర్చుకోవడానికి యాప్ అక్కర్లేదు, మాస్టారూ అక్కర్లేదు. విమానం దిగిన నెల్లోపు ఆ ఇల్లే నేర్పేస్తుంది. నేర్పనిది వేరే ఉంది.

"జీతం ఇవ్వకపోతే ఏమని అడిగేదానివమ్మా?" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మొదటి రెండేళ్లూ అడగలేదండీ. అడగటం రాలేదు. ఆయ్, మాట తెలీకేనండీ. ఏడిస్తే ఇచ్చేవారు."

కువైట్‌లో ఇంటి పనివాళ్లకి ఒక చట్టం ఉంది. 2015లో వచ్చింది, నంబరు 68. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవు. ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు. కాగితం మీద మంచి చట్టమే. తఆలీ, రూహీ మాత్రమే తెలిసిన మనిషికి ఆ చట్టంతో ఏం పని? నా పాస్‌పోర్టు నాకు కావాలి, నా జీతం ఏది, నాకు ఒంట్లో బాగాలేదు, మా రాయబార కార్యాలయానికి ఫోను చేసుకుంటాను. ఈ నాలుగూ రావాలి ముందు. రంగులు, జంతువులు, పండ్ల పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ఆ యాప్‌లో నేను తిప్పగలిగినన్ని పాఠాలు తిప్పాను. జీతం అన్న మాట తగల్లేదు.

మరి ప్రభుత్వం? పదో తరగతి పాసవని మనిషికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తుంది. అంటే 18 దేశాలకి పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి వెళ్లే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి. 275 రూపాయలకి రెండేళ్ల పాటు పది లక్షల బీమా ఉంది, మంచిదే. ప్రయాణానికి ముందు శిక్షణ అని ఒకటుంది, ఒక్కరోజు. ఆ ఒక్కరోజులోనే చట్టం, ఆరోగ్యం, బ్యాంకు, బీమా, అన్నీ. భాషకి ఎన్ని నిమిషాలు మిగులుతాయి? అదే జర్మనీ వెళ్లే నర్సుకైతే నెలల తరబడి భాష నేర్పించే ఏర్పాట్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నేర్పాలి, వద్దనను. కానీ చదువుకున్న అమ్మాయికి నెలలు, చదువు లేని అమ్మాయికి గంటలు, ఇదెక్కడి లెక్క? చదువు లేనివాళ్లకే కదా ఎక్కువ నేర్పాలి! కేరళలో ప్రభుత్వ బళ్లలోనే అరబిక్ చెప్పే ఉపాధ్యాయులున్నారు. మనకి హైదరాబాదులో ఇఫ్లూ అనే భాషల విశ్వవిద్యాలయం ఉంది, ఉస్మానియా ఉంది, రెండింటిలోనూ అరబిక్ శాఖలున్నాయి. కువైట్ ఇళ్లల్లో మాట్లాడే అరబిక్‌ని తెలుగులో, తెలుగు గొంతుతో, నూరు వాక్యాలు రికార్డు చేయించడానికి కోట్లు కావాలా? తొమ్మిదేళ్లు, పదిహేనేళ్లు చేసి వచ్చిన ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లకి రోజుకి కొంత గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెడితే ప్రపంచంలో ఏ సంస్థా చేయలేని పాఠం మన అరుగుల మీదే తయారవుతుంది.

కూర్చోబెట్టడానికి చోటెక్కడ అంటారేమో. గ్రంథాలయాలెందుకున్నాయి? ఇది చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. మన దగ్గర వసూలు చేస్తారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకి జమ చేయకుండా ఏళ్ల తరబడి బకాయి పెడుతున్నాయి. ఈ రాష్ట్రంలో ఎప్పుడు చూసినా ఇదే మాట. ఫలితంగా కొత్త పుస్తకం ఉండదు, ఖాళీ అయిన ఉద్యోగం నిండదు, సాయంత్రం దీపం వెలగదు. మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య ఈ దేశంలో గ్రంథాలయోద్యమానికి పితామహుడనిపించుకున్నాడు. పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాల్ని పడవకెక్కించి కృష్ణా డెల్టా కాలవల మీద ఊరూరికీ పంపించాడు. చదవలేనివాళ్లకి చదివి వినిపించే పద్ధతి కూడా ఆ ఉద్యమంలోనిదే. ఆ రోజుల్లో సెస్సూ లేదు, ఫోనూ లేదు. ఇప్పుడు రెండూ ఉండి, రాత్రి పదింటికి ఒక తల్లి గోడకి ఆనుకుని ఒంటరిగా ఎర్రరంగుతో కుస్తీ పడుతోంది. మన ఎనిమిది పైసలు ఎక్కడికి పోయాయో ప్రతి గ్రామసభలో నిలబడి అడగండి. నేను అడుగుతూనే ఉన్నాను, ఇంకా అడుగుతాను.

శుక్రవారం సాయంత్రం తోటికోడళ్లిద్దరూ మా అరుగు మీదే కూర్చున్నారు. యాప్ తీసేశాం. ఫోన్లో రికార్డరు పెట్టాను. పెద్దావిడ ముందు తెలుగులో చెప్తుంది, తర్వాత అరబిక్‌లో రెండుసార్లు, మెల్లగా. మొదటి రోజు పన్నెండు వాక్యాలయ్యాయి. పాస్‌పోర్టు గురించి, "అబీ జవాజీ". ఒంట్లో బాగాలేదని చెప్పడానికి, "అనా తఅబానా". రాయబార కార్యాలయాన్ని సఫారా అంటారని. గొంతులోంచి రావలసిన అక్షరం ఎలా పలకాలో కూడా చెప్పింది, చేప ముల్లు గొంతులో అడ్డం పడితే ఎలా కక్కుతామో అలా అని. చిన్నావిడకి మూడోసారికి వచ్చేసింది. గొంతులో ఏ లోపమూ లేదు.

తర్వాత జీతం గురించిన వాక్యం. "వేన్ మఆషీ?" అంది పెద్దావిడ.

"వేన్ మఆషీ అండీ?" అంది చిన్నావిడ.

"అండీ వద్దే. అక్కడ అది లేదు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. ఈసారీ చివర్న అండీ వచ్చేసింది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ అడగమంది.